ఆదరణ కూడికలో ఏడవకూడదట

పోయిన నెల మా ఊళ్లో ఒక ఆదరణ కూడికకి వెళ్లాను. పోయిన అబ్బాయికి ముప్పై నాలుగేళ్లు. రాత్రిపూట బైక్ మీద వస్తూ రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని గుద్దుకున్నాడు. షామియానా కింద ముందు వరుసలో అతని భార్య, ఆమె ఒళ్లో నాలుగేళ్ల పాప. వెనక ఫ్లెక్సీ మీద అతని పెళ్లినాటి ఫొటో, దాని కింద "ప్రభువునందు మృతినొందు మృతులు ధన్యులు" అన్న వచనం.

బయట ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు గంట మాట్లాడాడు. మధ్యలో ఆ అమ్మాయి ఆపుకోలేక పైకి ఏడ్చింది. ఆయన ప్రసంగం ఆపాడు. "చెల్లెమ్మా, విశ్వాసి ఇంట్లో ఏడుపు వినబడకూడదు. నిరీక్షణ లేనివాళ్లు ఏడుస్తారు, మనం స్తుతిస్తాం. అందరూ చప్పట్లు కొట్టి హల్లెలూయా చెప్పండి" అన్నాడు. అందరూ చెప్పారు. ఆ అమ్మాయి కొంగు నోట్లో కుక్కుకుంది. అలవాటు కొద్దీ నేను కూడా హల్లెలూయా అన్నాను. ఇంటికొచ్చాక ఆయన మాట కంటే నా హల్లెలూయానే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ కూడిక పేరే ఆదరణ కూడిక. అక్కడ ఏడవకూడదంటే ఇంకెక్కడ ఏడవాలి? కష్టంలో ఉన్న మనిషికి బైబిల్ ఇచ్చే ఆదరణలో పెద్ద భాగం ఏడుపులోనే ఉందని నా నమ్మకం. ఆ భాగాన్ని మనం పక్కన పెట్టేసి, మిగిలినదాన్ని కత్తిరించి కార్డుల మీద పంచుకుంటున్నాం. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. అలాంటి కార్డు ఒకటి మా ఇంట్లో ఉంది.

డిసెంబరు 31 రాత్రి

2021 డిసెంబరు 31. పన్నెండు దాటాక పాస్టరు అయ్యగారు ప్రార్థన ముగించి, కొత్త ఏడాదికని ఒక్కొక్కరూ ఒక్కో బైబిల్ వచనం తీసుకునే వాగ్దాన కార్డులు పళ్లెంలో తెచ్చారు. నాన్న అప్పటికి రెండేళ్లుగా డయాలసిస్ మీద ఉన్నాడు. కుర్చీలో కూర్చునే చెయ్యి చాచి ఒకటి తీశాడు. కళ్లజోడు తెచ్చుకోలేదని నన్ను చదవమన్నాడు. కీర్తన 91, పదహారో వచనం. "దీర్ఘాయువుచేత అతనిని తృప్తిపరచెదను."

చర్చి చర్చంతా చప్పట్లు. వెనక నుంచి ఎవరో "స్తోత్రం" అని అరిచారు. అమ్మ ఆ కార్డుని ముద్దు పెట్టుకుని నాన్న బైబిల్లో అదే పేజీలో పెట్టింది.

2022 ఆగస్టులో నాన్న పోయాడు. అరవై మూడేళ్లు.

తర్వాత ఆ కార్డు గురించి మాకు మూడు వివరణలు వచ్చాయి. దీర్ఘాయువు అంటే ఇక్కడి ఆయుష్షు కాదు, నిత్యజీవం అని ఒకాయన. ఎక్కడో విశ్వాసం సడలి ఉంటుంది అని ఇంకొకరు. మూడోది ఎవరూ నేరుగా అనలేదు. "మీ ఇంట్లో ఏదైనా ఒప్పుకోని విషయం ఉంటే ప్రార్థనలో పెట్టండమ్మా" అని మా బంధువు ఒకామె అమ్మ చెవిలో చెప్పి వెళ్లింది. బైబిల్లో కష్టాల్లో ఉన్న యోబుని ఓదార్చడానికి వచ్చి, నీ పాపమే కారణమన్న ఆ స్నేహితులు చచ్చిపోలేదు, మన కూడికలకి ఆటోల్లో వస్తూనే ఉన్నారు. మొదటి వివరణ ఇచ్చినాయన నిజంగా మంచివాడు. కానీ ఆ రాత్రి చప్పట్లు కొట్టినప్పుడు అక్కడున్న ఒక్కరి మనసులోనైనా నిత్యజీవం ఉందా? నాన్న మనసులో ఉందా? ఆ రాత్రి నాన్న నాకు చెప్పింది, నా కొడుకు ఇంజనీరింగ్ అయ్యేదాకా తను ఉంటాడని.

చాలాకాలం తర్వాత ఒక సంగతి తట్టింది. మత్తయి నాలుగో అధ్యాయంలో సాతాను యేసుని దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమంటాడు, దేవదూతలు నిన్ను చేతులమీద ఎత్తి పట్టుకుంటారని వాక్యం చూపిస్తాడు. ఆ వాక్యం ఎక్కడిదీ? ఇదే 91వ కీర్తన, 11, 12 వచనాలు. మా కార్డు నుంచి నాలుగు వచనాలు పైకి వెళితే చాలు. వచనం సరైనదే, తప్పు దాన్ని విడదీసి "ఇది నీకే, నమ్మి దూకు" అనడంలో ఉంది. ఇలా రాసినందుకు మా పిన్ని నాతో మాట్లాడటం మానేయొచ్చు, ఎందుకంటే ప్రతి ఏడాదీ డిసెంబరులో కూర్చుని ఆ కార్డులు కత్తిరించేది ఆమే. ఆమెకి సాతానుతో ఏ సంబంధమూ లేదని మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

యిర్మీయా 29:11 కూడా అంతే. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్నది మన గోడ క్యాలెండర్లలో ఉంటుంది. దాని పై వచనంలో డెబ్బై ఏళ్లు అని ఉంది. అది బబులోనుకి చెరగా వెళ్లిన యూదులకి యిర్మీయా రాసిన ఉత్తరం. ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది బబులోనులోనే చనిపోతారన్నమాట. పదో వచనాన్ని ఎవరూ క్యాలెండర్ వేయరు.

మూడు రోజులు, నాలుగేసి గంటలు

డయాలసిస్ వారానికి మూడుసార్లు. సోమ, బుధ, శుక్రవారాలు. ఒక్కోసారి నాలుగు గంటలు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. సెలవు దొరికినప్పుడల్లా ఒంగోలు వచ్చి అమ్మకి బదులు నేను తీసుకెళ్లేదాన్ని. నాన్న ఎడమ చేతికి ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ధమనినీ సిరనీ కలిపిన చోటు. దాని మీద వేలు పెడితే లోపల చిన్న మోటారు తిరుగుతున్నట్టు జుమ్మంటూ ఉంటుంది. ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసిన మనిషి కదా, పొద్దున్నే లేవగానే దాని మీద వేలు పెట్టి చూసుకుని "ఇంజన్ ఆన్‌లోనే ఉంది" అనేవాడు.

సూదులున్న చెయ్యి కదపకూడదు. బైబిల్ కాగితాలు పల్చగా ఉంటాయి, ఒక్క చేత్తో తిప్పితే నాలుగైదు కలిసి వచ్చేస్తాయి. అందుకని నేను చదివేదాన్ని. మొదట్లో అందరూ చదివేవే చదివాను. 23, 91, 121. "గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను" దగ్గర నాన్న పెదాలు కదిపేవాడు. కానీ అది ఆదివారం బడిలో నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టే ఉండేది.

ఒకరోజు సూది పక్కకి పోయి చెయ్యి ఉబ్బిపోయింది. మళ్లీ గుచ్చారు. నాన్న అరవలేదు గానీ కంటి చివర నుంచి నీళ్లు చెవిలోకి కారాయి. నేను పుస్తకం తీస్తుంటే "ఇయ్యాళ మంచివి వద్దు. ఇంకేవన్నా చదువు" అన్నాడు. ఎక్కడో తెరిచాను. 88 వచ్చింది. ఎప్పుడూ చదివిన గుర్తు లేదు. చర్చిలో విన్న గుర్తు అసలే లేదు.

మిగతా మొర కీర్తనలన్నీ దాదాపుగా ఎక్కడో ఒకచోట మలుపు తిరుగుతాయి. 13వ కీర్తన "ఎన్నాళ్లవరకు" అంటూ మొదలై ఆరు వచనాల్లో పాటలోకి వచ్చేస్తుంది. 88 తిరగదు. పగలూ రాత్రీ మొరపెడుతున్నానంటాడు, నువ్వు నన్ను అగాధంలో పడేశావంటాడు, చచ్చినవాళ్లు లేచి నిన్ను స్తుతిస్తారా అని నిలదీస్తాడు. ఆఖరి వచనం ఇది: "నా ప్రియులను స్నేహితులను నీవు నాకు దూరముగా ఉంచియున్నావు చీకటియే నాకు బంధువర్గమాయెను." అంతే. ఆమేన్ లేదు, హల్లెలూయా లేదు.

నేను ఆగిపోయాను. తప్పు చదివానేమోనని భయం వేసింది. నాన్న "ఆ చివరిది మళ్లీ చదువు" అన్నాడు. చదివాను. కాసేపాగి నవ్వాడు. "మన బంధువుల కంటే చీకటే నయం లేమ్మా. మాట్లాడకుండా పక్కన కూర్చుంటది."

యోబు స్నేహితులు చేసిన ఒకే ఒక్క మంచి పని కూడా అదే. మొదట ఏడు రోజులు ఒక్క మాట కూడా మాట్లాడకుండా నేల మీద కూర్చున్నారు. ఎనిమిదో రోజు నోరు విప్పారు, అంతా చెడింది.

ఆ రోజు నుంచి నాన్న 88 లాంటివే అడిగేవాడు. "ఈ రాసినాయన ఎవరో గానీ నా పక్క బెడ్డు మీద ఉన్నట్టుంది" అనేవాడు. ఇంకో అలవాటు కూడా మొదలైంది. డయాలసిస్‌కి ముందూ తర్వాతా బరువు చూస్తారు కదా, ఆ రెండు అంకెలూ ఆ రోజు చదివిన కీర్తన పక్కనే పెన్సిల్‌తో రాయించేవాడు. 88 పక్కన 61.2, 58.9 అని ఉంది నా చేతిరాతతో. రెండు కిలోల మూడొందల గ్రాముల నీళ్లు.

రోజుకి తాగాల్సిన నీళ్లకి కొలత ఉండేది. అమ్మ ఒక సీసాకి గీత పెట్టి పొద్దున్నే నింపేది. కొబ్బరి నీళ్లు అసలే వద్దన్నారు, మండుటెండల్లో ఒంగోలు రోడ్ల మీద బొండాల బండ్లు చూస్తూ ఆటోలో కళ్లు మూసుకునేవాడు. ఒకసారి 56వ కీర్తనలో "నా కన్నీళ్లు నీ బుడ్డిలో నుంచబడియున్నవి అవి నీ కవిలెలో కనబడుచున్నవి గదా" అని చదివాను. కవిలె అంటే ఏంటని అడిగాను. వెనకటికి కరణం లెక్కలు రాసుకునే పుస్తకం అని చెప్పి, "చూశావా, ఆయన దగ్గర కూడా సీసా ఉంది, లెక్కలు రాసే పుస్తకమూ ఉంది" అన్నాడు. బరువులు ఎందుకు రాయిస్తున్నాడో నాకు అప్పుడు అర్థమైంది.

ఆ కీర్తనలు చదివితే నొప్పి తగ్గిందని నేను చెప్పను. తగ్గలేదు. అన్నేళ్లూ నాన్న చర్చిలో ఒక మొహం, ఇంట్లో ఒక మొహంతో బతికాడు. "ఎట్టా ఉన్నారు బ్రదర్" అంటే "ప్రభువు కృపలో బాగున్నాను" అనడం, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకోవడం. ఆ గోడవైపు తిరిగినప్పటి మాటలు కూడా బైబిల్లో అచ్చయి ఉన్నాయని తెలిశాక ఆయన ఇటు తిరిగాడు. 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు మొరలే. తన మీద వచ్చిన ఫిర్యాదులన్నిటినీ తీసి పారేయకుండా తన పుస్తకంలోనే పెట్టుకున్నాడంటే, ఆ దేవుడితో నిజం మాట్లాడొచ్చనే కదా.

సిలువ మీద యేసు నోటివెంట వచ్చింది కూడా మొర కీర్తనే. 22వ కీర్తనలో తెలుగు అనువాదం "నీవు నన్నేల విడనాడితివి" అంటుంది. మత్తయిలో అదే మాట "నన్నెందుకు చెయ్యి విడిచితివి" అయింది. ఈ తేడా నేను గమనించలేదు, నాన్నే చూపించాడు. "విడనాడటం పుస్తకాల్లో మాట. చెయ్యి విడవడం అంటే తిరునాళ్లలో పిల్లోడి చెయ్యి వదిలేయడం" అన్నాడు.

సణుగుడు కాదా ఇది?

ఇదంతా మా ఇంటి గ్రూపు ప్రార్థనలో చెప్పినప్పుడు ఒక అన్న బైబిల్ తెరిచి చూపించాడు. "మీరు సణుగకుడి" అని 1 కొరింథీ 10:10 లో ఉంది. ఐగుప్తు నుంచి బయటికొచ్చి అరణ్యంలో సణిగిన ఇశ్రాయేలీయులు నాశనమయ్యారు. మరి ఈ మొరలు సణుగుడు కాదా అన్నాడు.

నా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఆ ప్రశ్న తేలిగ్గా కొట్టిపారేసేది కూడా కాదు. తర్వాత 106వ కీర్తనలో ఒక మాట దొరికింది. వాళ్లు "తమ గుడారములలో" సణుగుకొన్నారట. గుడారంలో కూర్చుని ఆయన గురించి ఒకరితో ఒకరు అనుకోవడం వేరు, బయటికొచ్చి ఆయన మొహం మీదే అనడం వేరు. అంతకుముందు ఐగుప్తులో ఇదే జనం మూలిగితే దేవుడు విన్నాడని నిర్గమకాండమే చెబుతుంది. యోబు కూడా దేవుణ్ణి అనరాని మాటలు అన్నాడు, కానీ ఆయన్నే అన్నాడు. చివరికి దేవుడు, నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నా గురించి యుక్తమైనది పలకలేదని కోప్పడింది, ఆయన తరఫున వకాల్తా పుచ్చుకున్న స్నేహితుల్ని. ఈ జవాబు పూర్తిగా సరిపోతుందని నాకూ ధీమా లేదు. మోషే మొహం మీద అరిచినవాళ్లూ ఉన్నారు. కానీ నేను బతకడానికి సరిపోయింది.

ఆ అన్న చూపించిన 1 కొరింథీ పదో అధ్యాయంలోనే పదమూడో వచనం నుంచి మనవాళ్లు "భరించగలిగిన దానికంటే ఎక్కువ దేవుడు పెట్టడమ్మా" అన్న మాట తీసుకుంటారు. అక్కడున్నది శోధన గురించి. పాపంలో పడిపోకుండా తప్పించుకునే దారి గురించి. అదే పౌలు అదే సంఘానికి రాసిన రెండో పత్రిక మొదట్లోనే, మా శక్తికి మించిన భారంతో క్రుంగిపోయాం, బతుకుతామన్న నమ్మకం కూడా పోయింది అని రాసుకున్నాడు. శక్తికి మించి రాదని డయాలసిస్ బెడ్డు పక్కన నిలబడి చెప్పకండి, దయచేసి.

ఆ ప్రసంగీకుడు వాడిన వచనం 1 థెస్సలొనీకయులకు 4:13. "నిరీక్షణలేని ఇతరులవలె మీరు దుఃఖపడకుండు నిమిత్తము." తెలుగులో ఈ వాక్యాన్ని మీరు ఎక్కడ నొక్కి చదువుతారన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుంది. "దుఃఖపడకుండు" దగ్గర నొక్కితే ఏడవొద్దని. "ఇతరులవలె" దగ్గర నొక్కితే ఏడవండి గానీ వాళ్లలా కాదని. చనిపోయిన లాజరుని ఇంకాసేపట్లో లేపబోతున్నానని తెలిసిన యేసే కన్నీళ్లు విడిచాడు కాబట్టి నేను రెండోచోటే నొక్కుతాను.

గట్టి ఎదురుమాట మాత్రం అమ్మ దగ్గర నుంచి వచ్చింది. "నువ్వూ మీ నాన్నా ఆ చీకటి కీర్తనలు చదువుకున్నారు. పొద్దున్నే నాలుగింటికి లేచి ఆయనకి ఉప్పు లేని కూర వండి, సీసా నింపి, ఆటో మాట్లాడిందెవరు? నన్ను లేపింది ఆ కార్డే. అస్తమానం దేవుడి మీద అరుస్తా కూర్చుంటే అన్నం ఎవరు వండుతారే?" నాకు నోట మాట రాలేదు. నాలుగు గంటలు పక్కన కూర్చుని చదివేవాళ్లకి మొర పనికొస్తుంది, లేచి పనిచేయాల్సినవాళ్లకి వాగ్దానం కావాలేమో. ఈ విషయంలో ఇప్పటికీ నేను అమ్మని గెలవలేదు.

కూటి కోసం వచ్చినవాళ్లు

ఇంకో మాట కూడా వింటుంటాం. కష్టమొస్తే ఎవరైనా దేవుణ్ణి పట్టుకుంటారు, అది భక్తి కాదు అవసరం అని. మా ఒంగోలు వైపు ఈ మాటకి నూట యాభై ఏళ్ల వయసుంది. 1876-78 కరువులో జాన్ క్లౌ దొర అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి పని, కూలి ఇచ్చాడు. వాళ్లలో చాలామంది మాదిగలు, మా ముత్తాతల తరం వాళ్లు. బాప్తిస్మం ఇవ్వమని అడిగితే కరువు సాయం నడిచినన్నాళ్లూ ఇవ్వలేదు. కూటి కోసం కలిశారన్న మాట పడకూడదని. సాయం ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది.

మా ఇంట్లో ఆ కథని "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా" అన్న వచనంతో కలిపే చెప్పుకుంటాం. భారం అంటే మా నాయనమ్మకి అలంకారం కాదు, నెత్తి మీద మట్టి తట్ట.

నాన్న పోయాక మాకూ ఇంక అడగడానికి ఏమీ మిగల్లేదు. స్వస్థత ఎవరికోసం అడగాలి? అయినా ఆ సెప్టెంబరులో అమ్మా నేనూ రోజూ రాత్రి ఒక కీర్తన చదివాం. అవసరం తీరిపోయాక కూడా పోనిదాన్ని ఏమనాలో ఆ మాట అనేవాళ్లే చెప్పాలి.

మా తాత చనిపోయినప్పుడు ఇదే నాయనమ్మ శోకాలు పెట్టింది. రాగం తీసి, తాత చేసిన పనులన్నీ పేరుపేరునా చెప్పి, "నన్ను ఎవరి చేతుల్లో పెట్టి పోయావయ్యా" అని. సంఘ పెద్దలు వచ్చి మనం క్రైస్తవులం, శోకాలు పెట్టకూడదని ఆపారు. ఆమె ఆపేసింది. తర్వాత ఎవరి చావుకీ పెట్టలేదు. మా అమ్మకి రాదు, నాకు రాదు. యిర్మీయా తొమ్మిదో అధ్యాయంలో దేవుడు రోదనం చేసే స్త్రీలను పిలిపించమంటాడు. ఆడవాళ్లతో, మీ కూతుళ్లకి నేర్పండి అంటాడు: "ఒకరికొకరు అంగలార్పు విద్య నేర్పుడి." అది విద్య అట. మా ఇంట్లో అది వచ్చిన ఆఖరి మనిషిని మేమే నోరు మూయించాం.

ఆ కూడిక అయిన వారానికి ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాను. అమ్మ కూడా వచ్చింది. నేను 13వ కీర్తన చదువుదామని పుస్తకం తెరిచాను గానీ చదవలేదు. పాప నాన్న చెప్పులేసుకుని వసారాలో తిరుగుతోంది. ఆ అమ్మాయి ఏడుస్తూ "ఎందుకు ఇట్టా చేశాడు పెద్దమ్మా దేవుడు" అంది. అమ్మ ఆమె తల తన ఒళ్లోకి తీసుకుని, "అడుగు, ఆయన్నే అడుగు" అంది. నేను అమ్మ వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు.

ఇంటికొచ్చాక నాన్న బైబిల్ తీశాను. 91వ కీర్తన పక్కన బరువులేమీ లేవు, కార్డు ఒక్కటే ఉంది. అంచులు పచ్చబడ్డాయి. ఇంకా ఎందుకమ్మా ఇది, తీసేద్దామా అన్నాను. అమ్మ నా చేతిలోంచి లాక్కుని మళ్లీ అదే పేజీలో పెట్టింది.

"ఉండనీ. పైకి పోయినాక ఆయనకి చూపించి అడగాలి."